పదకొండేళ్లు ఆన్‌లైన్ వేలంలో అమ్మిన తర్వాత

నా మొదటి వేలంలో పాట పాడింది ఒక్కరే. అమ్మకానికి పెట్టింది నాన్నగారి పాత ఫిల్మ్ కెమెరా. ధర దానంతట అదే పెరుగుతుందన్న నమ్మకంతో ప్రారంభ ధరను దాదాపు ఉచితమన్నంత తక్కువగా పెట్టాను. గడువు ఏడు రోజులు. ఆ ఏడు రోజులూ నిద్ర లేవగానే ఫోను, పడుకోబోయే ముందు ఫోను. ఇరవై మూడు మంది ఆ వస్తువును గమనిక జాబితాలో పెట్టుకున్నారని తెర మీద కనిపిస్తోంది. ఇంతమంది కాచుకుని కూర్చున్నారంటే చివరి గంటలో పోటీ మొదలవుతుందని లెక్క వేసుకున్నాను. చివరి గంట వచ్చింది, పోయింది. మూడో రోజు వచ్చిన ఆ ఒక్క పాటకే, అదీ ప్రారంభ ధరకే, కెమెరా వెళ్లిపోయింది. పెట్టె, టేపు, రవాణా, కమిషన్ పోగా చూసుకుంటే, కెమెరాను నేనే ఎదురు డబ్బిచ్చి సాగనంపినట్టు తేలింది.

ఆ ఇరవై మూడు మందిలో చాలామంది అసలు కొనేవారు కాకపోవచ్చని తర్వాత అర్థమైంది. అలాంటి కెమెరానే అమ్మాలనుకుంటూ, ముందు నాది ఎంతకు పోతుందో చూద్దామని కూర్చున్న అమ్మకందారులూ వారిలో ఉంటారు. ఇప్పుడు నేనూ అదే పని చేస్తాను.

తర్వాత ఆరు వందలకు పైగా వస్తువులు అమ్మాను. కెమెరాలు, లెన్సులు, ఇంకు పెన్నులు, గడియారాలు, రేడియోలు, ఒక దశలో ఏది దొరికితే అది. రెండు మూడు సైట్లు మారాను. అందుకే ఇది ఏదో ఒక సైటు మీద సమీక్ష కాదు, వేలం వేసి అమ్మడమనే పద్ధతి మీద. ఆ పద్ధతి గురించి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: విలువ ఎంతో ఎవరికీ సరిగ్గా తెలియని వస్తువుకు దీన్ని మించినది లేదు, తెలిసిన వస్తువుకు దీన్ని మించిన తెలివితక్కువ పని లేదు.

కారణం పాట నడిచే తీరులోనే ఉంది. ఆన్‌లైన్ వేలంలో పాడేవారు తాము పెట్టగల గరిష్ఠ మొత్తాన్ని ముందే రాసి వెళ్లిపోతారు. ఆ తర్వాత వారి తరఫున సైటే అవసరమైనంత మేరకు పాట పెంచుతుంది. ఒకరు 1000 దాకా ఇవ్వడానికి సిద్ధపడి, రెండోవారు 600 దగ్గర ఆగిపోతే, వస్తువు 600కు ఒక్క మెట్టు (పాటకూ పాటకూ మధ్య ఉండాల్సిన కనీస పెంపు) పైన పోతుంది. 1000 రాసినవారి ఉబలాటం వల్ల మనకు ఒరిగేది లేదు. ధర నిర్ణయించేది గెలిచినవారు కాదు, వారి వెనకే ఓడిపోయినవారు. ఆ రెండో మనిషి లేకపోతే ధర ప్రారంభ ధర దగ్గరే కూర్చుంటుంది, నా కెమెరా కూర్చున్నట్టు. విలియం విక్రీ అనే ఆర్థికవేత్త ఈ రెండో ధర పద్ధతిని 1961లో ఒక పత్రంలో విశ్లేషించారు. 1996లో నోబెల్ బహుమతి ప్రకటించిన మూడు రోజులకే ఆయన కన్నుమూశారు. నన్ను ఆకట్టుకున్న సంగతి మాత్రం వేరు. ఉత్తరాల ద్వారా తపాలా బిళ్లలు వేలం వేసిన వ్యాపారులు 19వ శతాబ్దంలోనే ఇలాంటి పద్ధతిని వాడారు. సిద్ధాంతం పుట్టకముందే బిళ్లల వ్యాపారికి దారి తెలుసన్నమాట.

ప్రారంభ ధర గురించి కొత్తవారికి అందరూ ఒకే సలహా ఇస్తారు: తక్కువ పెట్టండి, జనం వస్తారు. పది మంది వెతికే వస్తువు విషయంలో అది నిజమే. తక్కువ ధర చూసి ముందే పాట వేసినవారికి ఆ వస్తువు మీద కొంచెం మమకారం ఏర్పడుతుంది, తర్వాత వదులుకోలేరు. కానీ నెలకు ఒకరో ఇద్దరో వెతికే వస్తువుకు ఆ సలహా పాటిస్తే నిలువునా మునుగుతారు. ప్రారంభ ధరకే పోయినా బాధపడని అంకె ఏదో అదే పెడతాను. బయటికి చెప్పని కనీస ధర పెట్టుకునే సౌకర్యం కొన్ని చోట్ల ఉంది. రెండేళ్లు వాడి మానేశాను. మూడుసార్లు పాట పెంచినా 'కనీస ధర చేరలేదు' అని కనబడితే కొనేవారికి చిర్రెత్తుతుంది. దానికి విడిగా రుసుము కూడా కట్టాలి.

ఏది వేలానికి, ఏది స్థిర ధరకు అన్నది తేల్చుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది. ఈబే అనే వేలం సైటు 1995లో 'ఆక్షన్‌వెబ్' పేరుతో మొదలైనప్పుడు దాని స్థాపకుడు పియర్ ఒమిడ్యార్ పెట్టిన ఒక పాడైపోయిన లేజర్ పాయింటర్ 14.83 డాలర్లకు అమ్ముడైంది. అది పని చేయదని తెలుసా అని ఆయన అడిగితే, పాడైన లేజర్ పాయింటర్లు సేకరించడం తన సరదా అని కొన్న మనిషి చెప్పాడట. వేలానికి సరిపోయే వస్తువు అంటే అదీ. దానికి ఏ ధర రాయాలో మీరు చెప్పలేరు, నేనూ చెప్పలేను. అదే ఒక మామూలు ఫోను ఛార్జరు అయితే కొనేవారికి ధర ముందే తెలుసు, ఏడు రోజులు ఆగి పోటీ పడే ఓపిక ఎవరికీ ఉండదు. ఒకప్పుడు వేలాలకే మారుపేరైన ఈబేలోనే ఇప్పుడు అమ్మకాల్లో అధిక భాగం స్థిర ధరవే. నా అమ్మకాల్లోనూ అంతే. ఐదింటిలో ఒకటి వేలం, మిగతావి స్థిర ధర.

కొత్తగా మొదలుపెట్టేవారు అమ్మడం కన్నా ముందు కొనాలి. ఐదారు చిన్న వస్తువులు కొని చూడండి. ఎవరి వివరణ చదివి నమ్మారు, ఎవరి పెట్టె విప్పినప్పుడు ముచ్చటేసింది, ఎవరి ఫొటో చూసి మోసపోయారు, అదంతా పాఠమే. పైగా ఖాతాకు నాలుగు మంచి అభిప్రాయాలు చేరతాయి. పేరుకు ఎంత విలువ ఉంటుందో కొలిచిన ప్రయోగం ఒకటి 2006లో ప్రచురితమైంది. మంచి పేరున్న ఒక పాత పోస్టు కార్డుల వ్యాపారి, ఒకేలాంటి కార్డులను కొన్ని తన పాత ఖాతాలోను, కొన్ని కొత్తగా తెరిచిన ఖాతాల్లోను ఈబేలో అమ్మి చూశారు. పాత ఖాతాకు కొనుగోలుదారులు 8.1 శాతం ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడ్డారు. కొత్తవారి మీద ఈ కోత మొదట్లో తప్పదు. కాబట్టి ఇంట్లో ఉన్న అత్యంత విలువైన వస్తువుతో మాత్రం మొదలుపెట్టకండి. నేను చేసిన తప్పు అదే. కొత్త ఖాతాకు నెలకు ఇన్ని వస్తువులే అన్న పరిమితి ఉండవచ్చు, వచ్చిన డబ్బు కొన్నాళ్లు ఆపి ఇవ్వవచ్చు కూడా. డబ్బు ఆపారని నేను ఆ రోజుల్లో గగ్గోలు పెట్టాను. ఇప్పుడు ఆలోచిస్తే, ముక్కూమొహం తెలియని నన్ను ఎవరైనా ఎందుకు నమ్మాలి?

ధర అంచనా వేయడానికి చాలామంది అమ్మకానికి ఉన్న వస్తువుల ధరలు చూస్తారు. అవి కోరికలు మాత్రమే. చూడాల్సింది ఇప్పటికే అమ్ముడైనవాటి ధరలు. వాటిని వడకట్టి చూపే సౌకర్యం పెద్ద సైట్లలో చాలావాటిలో ఉంటుంది. అమ్ముడుపోనివి కూడా చూడండి. ఒకే మోడల్ పది ఉంచితే రెండే పోయాయంటే, ఆ రెండింటి ధర చూసి మురిసిపోవద్దు.

ఇక వివరణ. ఈ పనిలో నాకు నిజంగా ఇష్టమైన భాగం ఇదే, డబ్బు వచ్చేదీ ఇక్కడే. 'చక్కగా ఉంది, వాడి చూడలేదు' అని రాసినవారి కెమెరా కన్నా, లోపాలన్నీ రాసిన నా కెమెరాకు ఎక్కువ పాటలు వచ్చిన సందర్భాలు బోలెడు. లెన్సులోకి వెనక నుంచి టార్చి వేసి బూజు దారాలు ఉన్నాయేమో చూస్తాను. ఉంటే ఆ ఫొటోనే రెండోదిగా పెడతాను. షట్టర్ నెమ్మది వేగాల్లో అతుక్కుంటోందా, బ్యాటరీ గదిలో పచ్చగా తుప్పు పట్టిందా, వెనక తలుపు అంచున ఉండే నురుగు పట్టీ జిగురుగా కరిగిపోయిందా, అన్నీ రాస్తాను. పాత కెమెరాల్లో చాలావాటి లైట్ మీటర్లు, అంటే వెలుతురును కొలిచే పరికరాలు, 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కోసం తయారైనవి. ఆ బ్యాటరీలు ఇప్పుడు తయారు కావు. 1.5 వోల్టుల మామూలు బ్యాటరీ వేస్తే మీటరు కదులుతుంది, కానీ తప్పు లెక్క చూపవచ్చు. 'మీటరు పని చేస్తోంది' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే వస్తువు తిరిగి మన గుమ్మం ముందే దిగుతుంది. నాకు దిగింది. రెండువైపులా రవాణా ఖర్చు నేనే పెట్టుకున్నాను.

శీర్షికలో 'అరుదైన', 'అద్భుతమైన' లాంటి మాటలు దండగ. అరుదైన అని టైపు చేసి ఎవరూ వెతకరు. తయారీదారు పేరు, మోడల్ నంబరు, లెన్సు కొలత, ఏ లోపం ఉంది, ఇవి చాలు. ఈబే శీర్షికకు 80 అక్షరాలే ఇస్తుంది, అందులో విశేషణాలకు చోటెక్కడ?

గడువు ముగిసే వేళ గురించి కొత్తవారు పడే ఆందోళన నాకు బాగా గుర్తుంది. ఆరు రోజులు చడీచప్పుడు ఉండదు, చివరి పది సెకన్లలో ధర రెట్టింపవుతుంది. ఇందులో మాయ లేదు. ముందే పాడితే ఎదుటివారిని రెచ్చగొట్టినట్టవుతుందని అనుభవజ్ఞులు ఆఖరి క్షణం దాకా ఆగుతారు. ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఆకెన్‌ఫెల్స్ అనే ఆర్థికవేత్తలు 2002లో ప్రచురించిన పరిశోధనలో, గడువు కచ్చితంగా ముగిసే ఈబేలో ఈ అలవాటు చాలా ఎక్కువనీ, ఎవరైనా చివర్లో పాడితే గడువు పొడిగించే అప్పటి అమెజాన్ వేలాల్లో చాలా తక్కువనీ చూపారు. కాబట్టి ఐదో రోజు భయపడి వేలం రద్దు చేయకండి. స్నేహితుడితో దొంగపాట పాడించే ఆలోచన అసలే వద్దు. అది నిషిద్ధం, చాలా చోట్ల నేరం కూడా. పైగా ఆ దొంగపాటే గెలిస్తే మీ వస్తువును మీరే కమిషన్ కట్టి కొనుక్కున్నట్టు.

గెలిచి డబ్బు కట్టనివారు పాతికకు ఒకరు తగులుతారు. కొందరు జవాబే ఇవ్వరు. ఒకాయన మాత్రం 'మా ఆవిడ వద్దంది' అని నిజాయతీగా రాశాడు. కోపం రాలేదు. తర్వాతి స్థానంలో ఉన్నవారికి వారి పాట ధరకే ఇవ్వజూపే వీలు చాలా చోట్ల ఉంటుంది, దాన్ని వాడుకోండి. మోసాల విషయంలో నేను కచ్చితంగా పాటించేది ఒక్కటే: సైటు బయట డబ్బు తీసుకోను. 'కమిషన్ మిగులుతుంది కదా, నేరుగా పంపుతాను' అనేవారిలో సగంమంది మంచివారే కావచ్చు. ఆ రెండో సగం కోసమే ఈ నియమం. డబ్బు జమ అయిందని మెయిల్ వస్తే దానిలోని లింకు నొక్కకుండా, ఖాతాలోకి విడిగా వెళ్లి చూసుకుంటాను. ఖరీదైన వస్తువు పెట్టెలో పెడుతున్నప్పుడు సీరియల్ నంబరు కనిపించేలా వీడియో తీస్తాను. ఒకసారి నేను పంపిన మంచి లెన్సు బదులు వేరే పగిలిన లెన్సు వెనక్కి వచ్చింది. ఆ వీడియో లేకపోతే ఆ డబ్బు గోవిందా. ఇలాంటివారికి ప్రతికూల అభిప్రాయం రాసే హక్కు ఈబేలోనైతే 2008 నుంచి అమ్మకందారులకు లేదు. రుసరుసలాడి ఊరుకోవడమే.

రుసుముల లెక్క ఒక్కసారి కాగితం మీద వేసుకోండి. కమిషన్ చాలా చోట్ల వస్తువు ధర మీదే కాదు, రవాణాకు వసూలు చేసినదాని మీద కూడా పడుతుంది. రవాణా సంస్థలు బరువుతో పాటు పెట్టె పరిమాణం కూడా చూస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించే లెక్క సాధారణంగా వాడతారు. ఆరు కిలోల రికార్డు ప్లేయరును 50, 40, 40 కొలతల పెట్టెలో పెడితే అది లెక్కలో 16 కిలోలు. అది తెలియకుండా రవాణా ఛార్జీ రాసి ఆ నెల లాభమంతా దానికే ధారపోశాను. ఇప్పుడు ముందు పెట్టె కట్టి, తూచి, కొలిచి, ఆ తర్వాతే వేలం పెడతాను.

ఆ రికార్డు ప్లేయరుకు ఇంకో కథ ఉంది. తిరిగే పళ్లేన్ని తీయకుండా, సూది చేతిని కట్టకుండా, దాని వెనక బరువును విప్పకుండా పంపాను. దారిలో పళ్లెం ఎగిరెగిరి లోపల అన్నిటినీ నుజ్జు చేసింది. చుట్టూ నాలుగు వేళ్ల మందాన మెత్తటి సరుకు, పెట్టెలో పెట్టె, ఊపితే చప్పుడు రాకూడదు. ఇది తెలిశాక విరిగినవి మూడే. అయితే మంచి అట్టపెట్టె ఏదీ పారేయలేని జబ్బు పట్టుకుంది. పాత సామాను అమ్మేసి అల్మరా ఖాళీ చేద్దామని మొదలుపెట్టిన పని ఇది. ఇప్పుడు ఆ అల్మరా నిండా ఖాళీ పెట్టెలే.