ఇల్లు కట్టబోయేవారు ఏ షో చూస్తే మేలు?

పోయిన ఏడాది తిరుపతిలో అవిలాల వైపు నలభై అంకణాల స్థలంలో ఇల్లు కట్టి గృహప్రవేశం చేసుకున్నప్పటి నుంచి, అదే ఆలోచనలో ఉన్న బంధువులూ సహోద్యోగులూ నన్ను రెండు రకాల ప్రశ్నలు అడుగుతున్నారు. మేస్త్రి ఎవరు, చదరపు అడుగుకు ఎంత పడింది, కూలి కాంట్రాక్టా, మెటీరియల్‌తో సహానా అన్నవి మొదటి రకం. వాటికి జవాబు తేలిక. కరకంబాడి రోడ్డులో స్థలం కొన్న మా మేనల్లుడు అడిగింది రెండో రకం. "మామా, నువ్వు రాత్రిళ్ళు కూర్చోని ఇళ్ళు కట్టే షోలన్నీ చూసినావు కదా, మాకు పనికొచ్చేది ఏదో ఒక్కటి చెప్పు" అన్నాడు. ఇదే మాట ఇంకో నలుగురు అడిగాక, చూసినవాటిని పక్కపక్కన పెట్టి రాయడమే నయమనిపించింది.

సొంత ఇంటి నిర్మాణాన్ని చూపే టీవీ కార్యక్రమాలకు ఇప్పుడు నలభై అయిదేళ్ళు దాటాయి. 1979లో మొదలైనదానికీ 2013లో జనాన్ని ఊపేసినదానికీ ఇల్లు అన్న మాట తప్ప పోలిక లేదు. అందుకని వాటన్నిటినీ ఒకే తూకపు రాయితో తూస్తున్నాను: ఇంటి మధ్య నెలలను ఆ కార్యక్రమం ఎంత చూపిస్తుంది? శంకుస్థాపన నాటి పసుపు కుంకుమలనూ, గృహప్రవేశం నాడు పొంగిన పాలనూ ఫొటో తీయనివారు లేరు. బేస్‌మట్టం తేలిన తరువాత నుంచి పూత పని ముగిసేదాకా నడిచే ఆ ఏడెనిమిది నెలల ఫొటోలు మాత్రం ఎవరి ఫోనులోనూ ఉండవు. డబ్బు కరిగేదీ, మేస్త్రితో మాట పట్టింపులు వచ్చేదీ, ఇల్లు గట్టిదో కాదో తేలిపోయేదీ ఆ నెలల్లోనే.

ఈ లెక్కన పాతదే అన్నిటికన్నా నిజాయితీగా కనిపిస్తుంది. అమెరికాలో బోస్టన్‌లోని డబ్ల్యూ.జి.బి.హెచ్. అనే ప్రభుత్వేతర, లాభాపేక్ష లేని టీవీ కేంద్రంలో రసెల్ మొరాష్ 1979లో మొదలుపెట్టిన 'దిస్ ఓల్డ్ హౌస్' తొలి వరుస (సీజన్) అంతా డోర్చెస్టర్ పేటలోని ఒకే పాత ఇంటి మరమ్మతు మీద నడిచింది. బాబ్ విలా ప్రశ్నలు అడిగేవారు, నార్మ్ అబ్రామ్ అనే వడ్రంగి చేసి చూపేవారు. ఒక ద్వారబంధం మట్టానికి రాకపోతే ఎందుకు రాలేదో, దాని కింద ఎంత మందం చెక్క పెడితే సరిపోతుందో తాపీగా చెప్పడానికి ఆ కార్యక్రమానికి సమయం ఉండేది. అందులో మధ్య నెలలు తప్ప ఇంకేమీ లేవన్నా తప్పు కాదు. 1989లో విలా వెళ్ళిపోవడానికి కూడా పనితనం కారణం కాదు; స్పాన్సరుకు పోటీ అయిన దుకాణాల ప్రకటనలో ఆయన కనిపించడం కారణం. ఇళ్ళ కార్యక్రమాల్లోకి ప్రకటనల గాలి ఎటునుంచి వీచిందో తెలియడానికి ఆ ఒక్క సంగతి చాలు.

దాని లోపం మనవైపు నుంచి చూస్తేనే తెలుస్తుంది. అది చెక్క ఇళ్ళ దేశపు పాఠం. నార్మ్ అబ్రామ్ చేతిలోని రంపానికి ఉన్న పని మన బేల్దారి మేస్త్రి చేతిలోని తాపీకి లేదు. పని పట్ల ఆ శ్రద్ధను నేర్చుకోవచ్చు కానీ పని నేర్చుకోలేము.

బ్రిటన్‌లో ఛానల్ 4 వారు 1999 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన 'గ్రాండ్ డిజైన్స్' దగ్గరికి వస్తే, ఇక్కడ నా పక్షపాతాన్ని దాచుకోను. ఆ దేశంలో కొత్త ఇళ్ళలో ఎక్కువ భాగం పెద్ద కంపెనీలు కట్టి అమ్మేవే కనుక, సొంతంగా స్థలం కొని ఇల్లు కట్టుకునేవాడు అక్కడ ఒక వింత మనిషి. కెమెరా అతని వెంట పడటంలో ఆశ్చర్యం లేదు. మన వీధుల్లో ప్రతి రెండో ఇల్లూ అలాంటి మనిషి కట్టుకున్నదే. అందువల్ల అక్కడివారు సాహసగాథగా చూసేదాన్ని తిరుపతివాడు పక్కింటి కథగా చూడగలడు. వ్యాఖ్యాత కెవిన్ మెక్లౌడ్ సుత్తి పట్టుకోడు. మొదటి రోజునే ఎంత డబ్బు ఉంది, ఎన్ని నెలల్లో పూర్తవుతుంది అని అడిగి, ఆ రెండు అంకెలనూ గుర్తుపెట్టుకొని, నెలల తరబడి గ్యాపు ఇచ్చి మళ్ళీ వస్తాడు. వచ్చిన ప్రతిసారీ రుతువు మారి ఉంటుంది, అంకెలూ మారి ఉంటాయి. ఒక గంట కార్యక్రమంలో ఏడాది ఎలా గడిచిందో కళ్ళకు కట్టే ఈ పద్ధతి ఇంకే కార్యక్రమానికీ ఇంత బాగా పట్టుబడలేదు.

2003లో ప్రసారమైన బెన్ లా ఇంటి కథను నేను మూడుసార్లు చూశాను. వెస్ట్ ససెక్స్‌లోని అడవిలో చాలా కాలంగా తాత్కాలిక ఆవాసాల్లో బతుకుతూ వచ్చిన ఆయన, ఆ అడవిలోనే కొట్టిన చెస్ట్‌నట్ దుంగలతో చట్రం నిలిపి, గడ్డిమోపులతో గోడలు కట్టుకున్నాడు. కలప ఎక్కడిది, ఎవరు మోశారు, ఎవరు చేయి వేశారు అన్నది ప్రతి దృశ్యంలోనూ కనిపిస్తుంది. తరువాతి ఏళ్ళలో అదే కార్యక్రమంలో గాజు గోడలూ, కొండ అంచులూ, కోట్ల రూపాయలకు సమానమైన అప్పులూ పెరుగుతూ వచ్చాయి. డెవన్ తీరంలో లైట్‌హౌస్ ఆకారంలో తలపెట్టిన ఇంటి కథ 2019లో ప్రసారమైనప్పుడు ఇల్లింకా పూర్తి కానే లేదు. ఆ భాగాన్ని జనం విషాద నాటకంలా చూశారు. కెమెరా పద్ధతి మారలేదు కానీ, ఎదుట నిలబెట్టే మనుషులు మారిపోయారు. మొదటి నాలుగైదు వరుసల్లోని మనుషులు మనలాంటివారు. తరువాతివారిని చూసి మన బడ్జెట్ వేసుకోలేము.

ఆ పాత భాగాలు నాకు ఎక్కడ పనికొచ్చాయో చెబుతాను. 2021 నవంబరు వానల్లో తిరుపతి వీధులు వాగుల్లా పారడం చూసినవాళ్ళం కనుక బేస్‌మట్టం ఎత్తు విషయంలో రాజీ పడలేదు; దానికి పట్టిన అదనపు రోజుల వల్ల స్లాబు అక్టోబరు మూడో వారానికి జరిగింది. ఈశాన్య రుతుపవనాల ముంగిట్లో స్లాబు వేయడమంటే ఏమిటో చిత్తూరు వైపు వారికి వివరించనక్కరలేదు. తెల్లవారుజామున మిక్సర్ మొదలై సాయంత్రం నాలుగుకు పని ముగిసింది, ఆరు గంటలకు తిరుమల కొండ మీద మబ్బు కమ్మింది. ఆ రాత్రి టార్పాలిన్లు పట్టుకొని మిద్దె మీదే ఉన్నాము. మర్నాటి నుంచి సిమెంటుతో చిన్న గట్లు కట్టి, వాన పడని రోజుల్లో నీళ్ళు నింపి తడిపాము. తొమ్మిదో రోజు మేస్త్రి వచ్చి, "సార్, సెంట్రింగు సామాను ఇంకో సైటుకు పోవాల, రేపు ఇప్పేస్తాము, ఏం కాదు" అన్నాడు.

మా హాలు పొట్టి వైపే 16 అడుగులు, అంటే దాదాపు 4.9 మీటర్లు. కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణమైన ఐ.ఎస్. 456 ప్రకారం 4.5 మీటర్లు దాటిన స్లాబు కింద ఆధారాలు (సెంట్రింగు) 14 రోజులు ఉండాలి, అదీ మామూలు పోర్ట్‌ల్యాండ్ సిమెంటు వాడితే. మేము వాడింది బూడిద కలిసిన పి.పి.సి. రకం సిమెంటు; అది మొదట్లో నెమ్మదిగా బలం పుంజుకుంటుంది. నేను ఒప్పుకోలేదు. మాట పెరిగింది, పని మూడు రోజులు ఆగింది, మిగిలిన రోజులకు సామాను బాడుగ నేనే కట్టాను. ఆ పంచాయితీలో నన్ను నిలబెట్టింది ప్రమాణం ఒక్కటే కాదు. ఎవరో ఇంగ్లండు దంపతులు వర్షంలో పైకప్పు లేని ఇంట్లో ఊరికే నిలబడి ఎదురుచూసే దృశ్యాలు ఎన్నో రాత్రులు చూసి ఉండటం వల్ల, పని ఆగిపోయిన సైటు చెడిపోయిన సైటు కాదన్న నమ్మకం నాకు అప్పటికే కుదిరింది.

ఇప్పుడు దీని పక్కన 'ఎక్స్‌ట్రీమ్ మేకోవర్: హోమ్ ఎడిషన్'ను పెట్టండి. అమెరికా టీవీ ఛానల్ ఏ.బి.సి.లో 2003 చివర మొదలై 2012 దాకా నడిచిన ఆ కార్యక్రమంలో, కష్టాల్లో ఉన్న కుటుంబాన్ని విహారానికి పంపి, వందల మంది కలిసి ఏడు రోజుల్లో ఇల్లు లేపి, అడ్డుగా నిలిపిన బస్సును తొలగించి చూపించేవారు. కన్నీళ్ళు రాని ప్రేక్షకుడు ఉండడు, నాకూ వచ్చాయి. అయితే కాంక్రీటు బలాన్ని మనవాళ్ళు 28 రోజుల లెక్కన కొలుస్తారు, ఏడు రోజులకు అందులో దాదాపు మూడింట రెండు వంతులే వస్తుంది. చెక్క చట్రాల దేశంలో సాధ్యమైన వేగాన్ని చూసి మన ఇంటి యజమాని మేస్త్రిని తొందరపెడితే నష్టం ఎవరిదో వేరే చెప్పాలా? పైగా ఆ పెద్ద ఇళ్ళ పన్నులూ కరెంటు బిల్లులూ భరించలేక కొన్ని కుటుంబాలు ఇబ్బంది పడ్డాయని తరువాత వార్తలు వచ్చాయి.

1994 డిసెంబరులో మొదలైన అమెరికా ఇళ్ళ ఛానల్ హెచ్.జి.టి.వి. కార్యక్రమాల్లో తొందర తక్కువ, సొగసు ఎక్కువ. చిప్, జోయానా గెయిన్స్ దంపతులు టెక్సస్‌లోని వేకో నగరంలో 2013 నుంచి 2018 దాకా నడిపిన 'ఫిక్సర్ అప్పర్' వాటిలో బాగా పేరు మోసింది. మధ్య నెలలు ఇందులో గోడ పగలగొట్టే సరదా దృశ్యంగా, దాని వెంటే నాలుగు నిమిషాల సంగీతంగా కుదించుకుపోయాయి. చిత్తూరులో మా బావమరిది దీన్ని చూసే తన పాత ఇంట్లో వంటగదికీ హాలుకూ మధ్య గోడ తీసేద్దామన్నాడు. అక్కడ తెర మీద పగిలేది చాలాసార్లు చెక్క కడ్డీలకు కొట్టిన జిప్సం పలక. బరువు మోసే గోడ అయితే అక్కడా దూలం పెట్టాకే తీస్తారు, ఆ దూలం పని మాత్రం తెర మీద రెండు క్షణాలు మెరిసి మాయమవుతుంది. మా బావమరిదిది మిద్దెను మోస్తున్న తొమ్మిదంగుళాల ఇటుక గోడ. మేస్త్రి దాన్ని రెండు చోట్ల తట్టి చూసి, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. చివరికి లింటెల్ వేయించి మూడడుగుల కిటికీ ఒకటి తెరిపించుకున్నారు. రంగులూ, అరలూ, దీపాలూ ఎంచుకోవడానికి ఈ కార్యక్రమాలు బాగుంటాయి. గోడల జోలికి వాటిని రానివ్వకూడదు.

బుల్లి ఇళ్ళ కార్యక్రమాలు చక్రాల మీద కాపురం చేసేవారికి. మాటల్లేకుండా మట్టితో గుడిసె కట్టి చూపే 'ప్రిమిటివ్ టెక్నాలజీ' వీడియోలు నిద్ర పట్టనప్పుడు హాయిగా ఉంటాయి.

యూట్యూబ్‌లోని తెలుగు వీడియోలను ఒకే గాటన కట్టలేము. హోమ్ టూర్లలో ఇల్లు పుట్టుకతోనే సోఫాతో సహా పుట్టినట్లు ఉంటుంది. మధ్య నెలలే కాదు, ముందు నెలలు కూడా లేవు. కానీ సైటు మీద నిలబడి కమ్మీల కట్టుడు దూరం, కవర్ బిళ్ళల మందం, ఇటుకలను ఎంతసేపు నానబెట్టాలన్నది చూపే మేస్త్రులూ ఇంజనీర్లూ కొందరు ఉన్నారు. టీవీ మింగేసిన మధ్యభాగాన్ని పది నిమిషాల ముక్కలుగా మనకు తిరిగి ఇస్తున్నది వీరే. అది మన భాషలో, మన ఎండకూ మన ఇసుకకూ తగినట్లు ఉంటుంది. లోటు ఒక్కటే: ఏ ముక్కా ఇంకో ముక్కతో కలవదు. ఒకే ఇంటిని పునాది నుంచి పూత దాకా, ఖర్చు అంకెలతో సహా వెంబడించే ఓపిక వాటిలో అరుదు. కొందరు ఏదో ఒక కంపెనీ సిమెంటును ప్రతి వీడియోలో పొగుడుతుంటే విలా గుర్తుకు వస్తాడు.

కాబట్టి మేనల్లుడికి చెప్పింది ఇది. పని మొదలైపోయినవాడు తెలుగు సైటు వీడియోలు చూడటం మేలు. ఏ రోజు పనికి ఆ రోజు వీడియో దొరుకుతుంది. ఇంకా కట్టాలా వద్దా, ఎంతలో కట్టాలి అన్న దశలో ఉన్నవాడు, భార్యను పక్కన కూర్చోబెట్టుకొని, 'గ్రాండ్ డిజైన్స్' తొలి వరుసల్లో ఓ నాలుగు భాగాలు చూడాలి. బ్యాంకు అప్పు మనకూ పునాదికి ఇంత, స్లాబుకు ఇంత అని దశలవారీగానే విడుదలవుతుంది కనుక, ఒక దశ ఆలస్యమైతే తరువాతి దశ డబ్బు ఎలా ఆగిపోతుందో ఆ ఇంగ్లండు ముఖాల మీద బాగా అర్థమవుతుంది.

అతను బెన్ లా భాగంతో మొదలుపెట్టాడు. మూడో రోజు ఫోను చేసినప్పుడు దుంగల గురించి గానీ గడ్డి గోడల గురించి గానీ ఒక్క మాటా అడగలేదు. "ఇల్లు అయ్యేదాకా ఆయనకు బాడుగ లేదు కదా మామా, మాకు అప్పు వడ్డీ, ఇంటి బాడుగ రెండూ ఒకేసారి పడతాయే" అన్నాడు. ఆరు నెలల్లో ఖాళీ చేస్తామని ఇంటి ఓనరుకు అప్పటికే చెప్పి ఉన్నవాడు, ఆ వారాంతంలో వెళ్ళి పదకొండు నెలల అగ్రిమెంటు మళ్ళీ రాయించుకొని వచ్చాడు.