డర్బన్‌లో సైన్స్ టీచర్ల శిక్షణ: అమహేవు పాఠం కోసమైనా వెళ్ళొచ్చు

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో హైస్కూలు పిల్లలకి లైఫ్ సైన్సెస్, అంటే జీవశాస్త్రం చెబుతాను. ఇక్కడి సిలబస్ స్థానిక ప్రజల జ్ఞానాన్ని కూడా క్లాసులోకి తెమ్మంటుంది. ఎలా తేవాలో మాత్రం టీచరే చూసుకోవాలి. అది నేర్పుతామని ఒక సంస్థ శని, ఆదివారాల్లో పెట్టిన శిక్షణకి వెళ్ళొచ్చాను. సంస్థ పేరు వద్దు గానీ, ఇలాంటి వాటికి డబ్బు కట్టొచ్చా అని అడిగే మన టీచర్ల కోసం రాస్తున్నాను.

అన్నిటికంటే నచ్చింది అమహేవు పాఠం. మొక్కజొన్న పిండితో పల్చటి జావ కాచి, చల్లారాక కాస్త గోధుమపిండి కలిపి వెచ్చటి చోట పెడితే మర్నాటికి పులుస్తుంది. జులూల ఇళ్ళల్లో ఎప్పటినుంచో తాగుతున్నదే. మా అమ్మమ్మ కుండలో పెట్టే తరవాణి లాంటిదన్నమాట. ఒక గోగో, అంటే నాయనమ్మ వయసు పెద్దావిడ, చేసి చూపించారు. జావ చుక్క ముంజేతి మీద వేసుకుని, "ఇంకా వేడిగా ఉంది, ఇప్పుడే పిండి వేస్తే పులవదు" అని ఆగారు. పిండితో వచ్చే లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా ఆ వేడికి చచ్చిపోతుందని పుస్తకం చెప్పేది ఇదే. పులుపు ఎంతో చూపే పీహెచ్ కాగితం (అంకె తగ్గితే పులుపు పెరిగినట్టు) తాజా జావలో పసుపుపచ్చగా, 6 దగ్గర ఆగింది. ముందురోజు కలిపిన దాంట్లో నారింజ రంగుకి తిరిగి 4 దాకా దిగింది. ల్యాబ్ లేని బడిలో కూడా చేయించొచ్చు.

ఇంత మంచి పాఠానికి ఇచ్చింది ఆదివారం చివరి గంట! సగం మంది అప్పటికే బ్యాగులు సర్దేసుకున్నారు. శనివారం పొద్దుటి పూటంతా మూలికా వైద్యుడైన ఇన్యాంగాది. ఆయన బాగానే చెప్పారు, ముఖ్యంగా హూడియా సంగతి. ఇక్కడి ఆదివాసులైన సాన్ ప్రజలు వేటలో ఆకలి తెలియకుండా నమిలే మొక్క అది. దాని మీద ఇక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ 1990ల్లో పేటెంట్ తీసుకుంటే, సాన్‌లకి వాటా ఇచ్చే ఒప్పందం 2003లో గానీ కుదరలేదు. అదే పేరున్న మన ఇండియా సీఎస్ఐఆర్ అమెరికాలో కొట్లాడి 1997లో పసుపు పేటెంట్ రద్దు చేయించిందని నేను చెప్తే అందరూ ఆసక్తిగా విన్నారు.

నా బాధ ఏంటంటే, ఇన్యాంగాని నిపుణుడని పరిచయం చేసి, గోగో వంట చూపిస్తారని చెప్పి ఊరుకున్నారు. ఆడవాళ్ళ చేతుల్లో ఉన్న సైన్సుని నిర్వాహకులే వంట కింద జమకడితే, క్లాసులో అమ్మాయిలు దాన్ని సైన్సు అని ఎలా అనుకుంటారు? 'అమ్మాయిలు, సైన్సు' అని విడిగా పెట్టిన సెషన్‌లో కెన్యా పర్యావరణ ఉద్యమకారిణి వంగారీ మాథాయ్ ఫొటో, 2004 నోబెల్ శాంతి బహుమతి చూపించి ముందుకెళ్ళిపోయారు. 1977లో ఆవిడ మొదలుపెట్టిన గ్రీన్ బెల్ట్ ఉద్యమంలో ఊళ్ళలో ఆడవాళ్ళే స్థానిక చెట్ల విత్తనాలు ఏరి నారు పెంచారు. అది చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు ఏముంది?

ఒక్క పద్ధతి మాత్రం వెంటనే నా క్లాసులో పెట్టేశాను. ప్రాక్టికల్స్‌లో థర్మామీటరు అబ్బాయిల దగ్గర, రాసే పని అమ్మాయిల దగ్గర ఉండిపోకుండా మధ్యమధ్యలో పనులు మార్పించడం. మొదట గోల చేశారు గానీ ఇప్పుడు వాళ్ళే మార్చుకుంటున్నారు.

ఫీజు కాస్త ఎక్కువే, భోజనం అందులోనే. పీహెచ్ కాగితాలు ఇంటికి ఇచ్చి పంపారు. ఫీడ్‌బ్యాక్ ఫారంలో గోగోని పొద్దుటి పూటకి మార్చమనీ, ఇన్యాంగాకి ఇచ్చినంత పారితోషికమే ఆవిడకీ ఇవ్వమనీ రాశాను. మీరు కట్టేముందు ప్రోగ్రాం షీటు తెప్పించుకుని, పొద్దుటి పూట ఎవరున్నారో చూసుకోండి.