మెడిగ్యాప్ తిరస్కరించారా? మరో కంపెనీయా, అడ్వాంటేజ్ ప్లానా?

అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ చెల్లించగా మిగిలే ఖర్చులకు ప్రైవేటు కంపెనీలు అమ్మే అదనపు బీమా మెడిగ్యాప్. 65 ఏళ్లు దాటి పార్ట్ బి (మెడికేర్‌లో డాక్టర్ల ఖర్చులు చూసే భాగం) మొదలయ్యాక తొలి 6 నెలలు గడిస్తే, అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మెడిగ్యాప్‌కు ఆరోగ్య ప్రశ్నలు తప్పవు. న్యూయార్క్, కనెక్టికట్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో మాత్రం జబ్బు సాకుతో కాదనకూడదు.

మరో మెడిగ్యాప్: స్టెంట్ వేసి ఎన్నాళ్లయింది, ఇన్సులిన్ ఎంత అన్న హద్దులు కంపెనీకో తీరు. తిరస్కరణ కారణం, మందుల జాబితా బ్రోకర్‌కిచ్చి ముందే అడిగించండి. ప్రీమియం ఎక్కువే, కానీ మెడికేర్ తీసుకునే ఏ డాక్టరైనా సరే. మెడిగ్యాప్ రకాల్లో ప్లాన్ జి అయితే ఇండియా ప్రయాణంలో తొలి 60 రోజుల అత్యవసర వైద్యానికి, 250 డాలర్లు పోను 80 శాతం ఇస్తుంది. జీవితకాల పరిమితి 50,000 డాలర్లు.

అడ్వాంటేజ్ (మెడికేర్ సేవల్ని ప్రైవేటు కంపెనీ ద్వారా ఇచ్చే ప్లాన్): ఆరోగ్య ప్రశ్నలుండవు. అక్టోబర్ 15–డిసెంబర్ 7 మధ్య చేరొచ్చు. ప్రీమియం తక్కువ, నెట్‌వర్క్ (ప్లాన్‌తో ఒప్పందమున్న డాక్టర్లు, ఆసుపత్రులు), ముందస్తు అనుమతుల తలనొప్పి ఎక్కువ. 2025లో నెట్‌వర్క్ లోపల మీ జేబు ఖర్చుకు గరిష్ఠ హద్దు ఏడాదికి 9,350 డాలర్లు.

జబ్బు అదుపులో ఉండి, ఇండియా రాకపోకలుంటే మెడిగ్యాప్‌కే మళ్లీ ప్రయత్నించండి. క్యాన్సర్ చికిత్స నడుస్తుంటే అడ్వాంటేజే దారి. మీ ఆంకాలజిస్టు నెట్‌వర్క్‌లో ఉన్నారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.