రక్తం తక్కువంటే సీబీసీ చాలా, హెచ్‌పీఎల్‌సీ చేయించాలా?

మా చెల్లెలికి ఇంటర్ రోజుల నుంచీ "రక్తం తక్కువ". ఐరన్ మాత్రలు, ఖర్జూరాలు, బీట్‌రూట్ అన్నీ అయ్యాయి. హిమోగ్లోబిన్ మాత్రం 10.4 దాటలేదు. పెళ్లి కుదిరాక పాత సీబీసీ (రక్తకణాల లెక్క చెప్పే మామూలు పరీక్ష) రిపోర్టులు ముందేసుకుని కూర్చున్నాం. ఎంసీవీ, అంటే ఎర్రకణం సగటు సైజు 62, ఆర్‌బీసీ కౌంట్, అంటే ఎర్రకణాల సంఖ్య 5.6. ఇన్నేళ్లూ అందరి కళ్లూ హిమోగ్లోబిన్ మీదే ఉన్నాయి, ఆ 5.6ను ఎవరూ పట్టించుకోలేదు.

ఐరన్ లోపంలో ముడిసరుకే ఉండదు కాబట్టి ఎర్రకణాలు చిన్నవవుతాయి, సంఖ్యా తగ్గుతుంది. తల్లిదండ్రుల నుంచి వచ్చే బీటా థలసీమియా మైనర్‌లో (హిమోగ్లోబిన్ తయారుచేసే ఒక జన్యువులో లోపం) కణాలు చిన్నవే గానీ మజ్జ వాటిని ఎక్కువగా తయారుచేస్తుంది. అందుకే ఎంసీవీని ఆర్‌బీసీతో భాగించి చూస్తారు. దీన్ని మెంట్జర్ సూచిక అంటారు. 13 కంటే తక్కువ వస్తే థలసీమియా వైపు, ఎక్కువైతే ఐరన్ లోపం వైపు అనుమానం. మా చెల్లెలిది 11. ఎంసీవీ 70, ఆర్‌బీసీ 4.2 ఉన్నవాళ్లకు దాదాపు 17 వస్తుంది.

సీబీసీ చవక, ఏ ఊళ్లోనైనా చేస్తారు. కానీ అది అనుమానం దగ్గరే ఆగిపోతుంది. రెండు సమస్యలూ కలిసి ఉంటే ఆ లెక్కా తప్పుతుంది.

హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్షకు ఖర్చు ఎక్కువే, అయితే ఏ రకం హిమోగ్లోబిన్ ఎంత శాతం ఉందో విడదీసి చెబుతుంది. అందులో ఏ2 అనే రకం సుమారు 3.5 శాతం దాటి, కణాలు చిన్నగా ఉంటే బీటా థలసీమియా మైనర్ అన్నట్టే. దీనికీ ఒక చిక్కుంది. ఐరన్ బాగా తగ్గితే ఏ2 కూడా కాస్త తగ్గి, రిపోర్టు నార్మల్‌గా కనబడొచ్చు. అందుకే పక్కన ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా ఉండాలి. ఈమధ్యే రక్తం ఎక్కించుకుని ఉంటే ఆ ఫలితాన్ని నమ్మలేం.

ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్ సెల్ అనే వంశపారంపర్య జబ్బు విషయంలో సీబీసీ దాదాపు పనికిరాదు. ఒక్క జన్యువే ఉన్నవాళ్ల సీబీసీ మామూలుగానే ఉంటుంది. ఏజెన్సీ ఊళ్లలో చేసే సాల్యుబిలిటీ టెస్టులో ట్యూబు వెనక గీతల కాగితం పెడతారు, ద్రావణం మసకబారి గీతలు కనబడకపోతే పాజిటివ్. అయితే ఆ మనిషి వాహకుడా (జన్యువు ఉన్నా జబ్బు లేనివాడా), రోగియా అన్నది అది చెప్పలేదు. అందుకు హెచ్‌పీఎల్‌సీయో, కరెంటుతో హిమోగ్లోబిన్ రకాలను విడదీసే ఎలక్ట్రోఫోరిసిసో కావాలి. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్‌లో ఊరూరా పరీక్షలు చేస్తున్నారు, పాజిటివ్ అన్నారని అక్కడికక్కడే బెంబేలెత్తిపోనక్కర్లేదు.

నన్నడిగితే, ఊరికే నీరసంగా ఉన్నవాళ్లు సీబీసీ, ఫెరిటిన్‌లతో మొదలుపెడితే చాలు. పెళ్లి కుదిరినా, గర్భం వచ్చినా నేరుగా హెచ్‌పీఎల్‌సీకే వెళ్లాలి. గర్భిణికి "ముందు మూడు నెలలు ఐరన్ వాడి చూద్దాం" అనడం నాకు నచ్చదు. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. కడుపులో బిడ్డకు చేసే పరీక్ష 10, 12 వారాల మధ్యే మొదలవుతుంది. డీఎన్ఏ పరీక్ష అలాంటి జంటలకు, లేదా ఫెరిటిన్, హెచ్‌పీఎల్‌సీ రెండూ బాగున్నా ఎంసీవీ తక్కువగానే ఉన్నవాళ్లకు. ఆల్ఫా థలసీమియా హెచ్‌పీఎల్‌సీకి తరచూ దొరకదు.

చెల్లెలి ఏ2 5.2 వచ్చింది, ఫెరిటిన్ బాగానే ఉంది. డాక్టరు ఐరన్ మాత్రలు ఆపేశారు. పెళ్లికొడుక్కి ఎలా చెప్పాలా అని నాన్న రెండు రోజులు టెన్షన్ పడ్డాడు. అతను మర్నాడే పరగడుపున ల్యాబుకెళ్లాడు. దీనికి పరగడుపు అక్కర్లేదని ఎవరూ చెప్పలేదట. అతని ఏ2 2.6, ఎంసీవీ 88, రెండూ మామూలే.