క్యాన్సర్ పరిశోధనకు ఏది మేలు: పండు ఈగా, చిట్టెలుకా?

చుట్టరికం చూస్తే చిట్టెలుకే మనకు దగ్గర. ఊపిరితిత్తులు, రక్తనాళాలు, రొమ్ము గ్రంథులు అన్నీ ఉన్న జీవి. ఈగకు అవేవీ లేవు. అయినా ఏ జన్యువు చెడితే కణం దారి తప్పుతుందో వెతకాల్సి వస్తే నేను ముందు ఈగ వైపే మొగ్గుతాను.

దానికి మొదటి కారణం సమయం. 25 డిగ్రీల దగ్గర ఈగ గుడ్డు పది రోజుల్లో పెద్ద ఈగ అవుతుంది. ఎలుక కడుపులో ఉండేదే మూడు వారాలు, ఆపైన ఈడుకు రావడానికి మరో ఆరేడు వారాలు. రెండోది, జన్యువుల లెక్క. కణాన్ని పెరగమని చెప్పే రాస్ జన్యువులు ఎలుకలోనూ మనలోనూ మూడున్నాయి. ఒకటి తీసేస్తే ఇంకొకటి దాని పని కొంత అందుకుంటుంది. ఈగలో ఆ మూడింటికీ సాటి ఒక్కటే, కాబట్టి మార్పు సూటిగా కనిపిస్తుంది.

2003లో వచ్చిన ప్రయోగం చూడండి. లార్వాలో కన్నుగా మారబోయే కణాల్లో రాస్‌ను ఎప్పుడూ పనిచేసేలా మార్చి, ఆ కణాలు ఆకుపచ్చగా మెరిసేలా చేశారు. కణాలు పెరిగాయి గానీ ఉన్నచోటే ఉన్నాయి. వాటిలోనే కణాల అమరికను క్రమంలో ఉంచే స్క్రిబుల్ అనే జన్యువును కూడా తీసేస్తే, ఆ ఆకుపచ్చ కణాలు పక్కనున్న నాడీ తంత్రిలోకి చొరబడ్డాయి. కణితి పాకడం మొదలైన చోటు కళ్ల ముందే కనిపించింది! గాజు పళ్లెంలో పెంచే కణాలు ఇంకా సులువే, కానీ చొరబడటానికి వాటికి పక్క అవయవమే ఉండదు.

రోగనిరోధక శక్తి మాటకొస్తే మాత్రం ఎలుకకే నా ఓటు. చెడిన కణాలను వెతికి చంపే టీ కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఈగలో లేవు. టీ కణాలకు పడ్డ బ్రేకు తీసేస్తే కణితి కరుగుతుందని 1996లో జేమ్స్ ఆలిసన్ బృందం చూపింది ఎలుకల్లోనే. 2018 నోబెల్‌కు దారి తీసిన పని అది. మందు మోతాదు, కాలేయం దాన్ని ఎలా మారుస్తుంది లాంటి ప్రశ్నలకూ ఎలుకే కావాలి.

అలాగని మందుల విషయంలో ఈగను పక్కన పెట్టలేం. థైరాయిడ్‌లో ఒక రకం క్యాన్సర్‌కు రెట్ జన్యువులో మార్పు కారణం. ఈగకు థైరాయిడే లేదు. అయినా దాని రెట్‌లో అలాంటి మార్పే పెడితే కళ్లు గరుకుగా తయారయ్యాయి. మేతలో వాండెటానిబ్ అనే మందు కలిపి పెడితే ఆ కళ్లు చాలావరకు నునుపు తేలాయి. 2011లో అమెరికాలో ఆ క్యాన్సర్‌కు అనుమతి దొరికిన మందు అదే.