రంగు దిగిన గులాబీలు – హైదరాబాద్‌లో మూడు రోజులు

లాడ్జి పేరు రాయను. నాంపల్లి వైపు, రోజుకి 2,200. ఫొటోలో మంచం నిండా గులాబీలు చూసి బుక్ చేశాను, తప్పు నాదే. గదిలో ఉన్నది ఒక కుండీ, అందులో ఏడు ప్లాస్టిక్ గులాబీలు, రేకుల మీద వేలితో పేరు రాసుకునేంత దుమ్ము, ఒకదానికి సిగరెట్ కాల్చిన చిల్లు. కిందకి వెళ్లి అడిగితే "అవీ పూలే కద సార్" అన్నాడు కుర్రాడు. వేడినీళ్లు బకెట్టుకి 50 అదనం. మా అమ్మ కడియం పూలతోటల్లో పెరిగిన మనిషి, ఆ దుమ్ము చూడలేక గులాబీల్ని బాత్రూంలో పెట్టి సబ్బుతో కడిగేసింది. ఎర్రరంగు సగం నీళ్లలో దిగిపోయింది.

సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. నాకు తెలిసీ మర్చిపోయాను, ఆటోకి 120 బొక్క. అమ్మ మొహం చూస్తే భయమేసింది. సరేలే అని అక్కడికి దగ్గరే కదా అని మదీనా వైపు బాద్షాహీ అషూర్‌ఖానాకి (మొహర్రం సంతాప సభలు జరిగే పాత మందిరం) తీసుకెళ్లాను, "ఈ ఎండలో గోడలు చూడ్డానికా" అని గొణుగుతూనే వచ్చింది. లోపలికెళ్లాక మాట్లాడలేదు. కుతుబ్‌షాహీల కాలం నాటి పింగాణీ పలకలు, నీలం, పసుపు, ఆకుపచ్చ, పూలూ తీగలూ గోడంతా అల్లుకుపోయి, నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా తడిగా ఉన్నట్టు మెరుస్తున్నాయి. కాసేపటికి అమ్మే పట్టేసింది: "కిందవైపు పలకలు కాదురా, రంగేశారు." నిజమే. 1908 మూసీ వరదలో కిందివి పాడైతే తర్వాత రంగులతో నింపారు. పైపూలకి మెరుపుంది, కిందివి చప్పగా, ఎండినట్టున్నాయి. నాకైతే ఆ రెండూ కలిసే చోటే బాగా నచ్చింది. అక్కడే అరగంట నిలబడ్డాం.

శనివారం మ్యూజియం. గడియారం దగ్గర తోపులాట, మేం సరాసరి బిద్రీ గదికి, అంటే నల్లటి లోహం మీద వెండి పొదిగిన సామాను ఉండే గదికి వెళ్లాం. జింకులో కాస్త రాగి కలిపి పోత పోసి, వెండి పొదిగి, బీదరు కోట మట్టిలో నవాసాగరం (అమోనియం క్లోరైడ్) కలిపి రుద్దితే జింకు నల్లబడుతుంది, వెండి మాత్రం అలాగే ఉంటుంది. హుక్కా కుండల మీద ఎక్కువగా పూలమొక్కలే, గసగసాల పువ్వు కూడా వేసేవారు. పొగ పీల్చే సామాను మీద నల్లమందు పువ్వు, అడిగి మరీ చేయించుకున్నట్టుంది! సూక్ష్మచిత్రాల్లో నవాబులు చేతిలో ఒక్క పువ్వు పట్టుకుని నిలబడతారు చూడండి, ఆ పువ్వుకి ముసలితనం రాదు, పట్టుకున్నవాడికీ రాదు. అదే 17వ శతాబ్దపు డచ్ చిత్రకారులైతే పూలగుత్తిలో వాలిపోయిన తులిప్‌నీ, ఆకు కొరికిన పురుగునీ కావాలనే వేసేవాళ్లు. నా ఓటు వాళ్లకే.

'పైగా' అనే నవాబుల వంశం వాళ్ల సమాధులు వీలుంటే తప్పక చూడండి, గచ్చుతో చేసిన పూలపని. మాకు టైం చాలక గంటలో ముగించాం.

ఆదివారం తెల్లారి ఐదింటికి గుడిమల్కాపూర్ పూలమార్కెట్. మల్లెమొగ్గలు పావుకిలో 120 చెబితే అమ్మ 90కి తెచ్చింది, గదికొచ్చి మాల కట్టింది.

ఖాళీ చేసేటప్పుడు బిల్లులో 'పూల డ్యామేజీ 150' అని ఉంది. రంగు దిగిందట. నేను గొంతు పెంచేలోపు అమ్మ మూరెడు మల్లెలు తెంపి కౌంటర్ మీద పెట్టి "ఇవి ఇంటికి పట్టుకెళ్లు నాయనా" అంది. 100కి తగ్గించాడు.