చేత్తో తిప్పే డై కటింగ్ మెషిన్, మూడేళ్ల వాడకం తర్వాత: మధ్యలో తెగని డై సంగతి

ముందే చెప్పేస్తున్నా, ఈ మెషిన్ మీద నా కోపమంతా ఒక్క చోటే ఉంది. డై నడిమధ్యలో. డై అంటే ఆకారం గీతలు పదునుగా ఉండే సన్న రేకు, దాన్నీ కాగితాన్నీ ప్లాస్టిక్ ప్లేట్ల మధ్య పెట్టి హ్యాండిల్ తిప్పితే, రోలర్ల మధ్య నుంచి వెళ్తూ కాగితం ఆ ఆకారంలో తెగుతుంది. అంచుల దగ్గర తీగలూ ఆకులూ చక్కగా విడిపోతాయి, మధ్యలో మాత్రం రెండంగుళాల మేర కాగితం తెగీ తెగనట్టు డైని పట్టుకునే ఉంటుంది. వేలితో నొక్కితే రాదు, సూదితో పొడిస్తే పీచు లేస్తుంది, లాగితే చిరుగుతుంది. మామూలు చార్ట్ అయితే పోనీలే అనుకోవచ్చు, పెళ్లి కార్డులకు వాడే మెరుపు షీటు అలా చిరిగితే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. దీనికి మందు నాకు హైదరాబాద్ ఛత్తా బజార్‌లో ఒక ప్రెస్సులో దొరికింది, ఆ సంగతికి తర్వాత వస్తా.

ప్లేట్లు ఏ వరసలో పెట్టాలి, డై ఏ వైపు బోర్లించాలి లాంటివి రాయను, కొనాలనుకునేవాళ్లు అవన్నీ వీడియోల్లో ఇప్పటికే చూసి ఉంటారు. నాది ఏ5 సైజు మెషిన్, 2022 దసరాకు ముందు కొన్నాను. కంపెనీ పేరు చెప్పను, ఇదే తీరు మెషిన్లు నాలుగైదు పేర్లతో దొరుకుతున్నాయి, నేను చెప్పబోయేది చేత్తో తిప్పే మెషిన్లు చాలావాటికి వర్తిస్తుంది. మాది సైదాబాద్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాటు, డైనింగ్ టేబుల్ మీదే నా పనంతా. నెలకు పది పదిహేను కార్డులు చేస్తా, పుట్టినరోజులకూ, పెళ్లిరోజులకూ, సంక్రాంతికీ, మా పాప టీచర్లకూ. అమ్మకానికి చేయను.

కొన్న మొదటి నెలలో మా వదినకు వాట్సాప్‌లో పెద్ద మెసేజ్ పెట్టాను, వెన్నలా తెగుతోంది వదినా, నువ్వూ ఒకటి కొనుక్కో అని. ఆ మాట అబద్ధం కాదు. కానీ అప్పటికి నా దగ్గరున్న డైలు నాలుగే. ఒక గుండ్రం, ఒక దీర్ఘచతురస్రం, ఒక ఆకు, ఒక సీతాకోకచిలుక. ఇవన్నీ బయటి గీత మాత్రమే కోసే డైలు, కోసే అంచు మొత్తం కలిపినా జానెడో రెండు జానలో ఉంటుంది, హ్యాండిల్ తిప్పిన బలమంతా ఆ కాస్త అంచు మీదే పడుతుంది కాబట్టి సులువుగా తెగుతాయి. అసలు పరీక్ష జాలీ డైతో మొదలైంది. అరచేయంత రేకులో వందకు పైగా చిన్న చిన్న కిటికీలు, అన్ని కిటికీలకూ నాలుగు వైపులా అంచులు. అదే బలాన్ని ఇప్పుడు అన్ని అంచులూ పంచుకోవాలి. పైగా రోలర్లను పట్టుకునే బేరింగులు రెండు చివర్లలో ఉంటాయి, మధ్యలో పట్టేది ఏమీ లేదు, ఒత్తిడి ఎక్కువైనప్పుడు మధ్యలో వెంట్రుకవాసి వంగినా చాలు, అక్కడ కోత పోతుంది. ఇంకో కారణం నా అలవాటే. ప్రతిసారీ డైని ప్లేటు నడిమధ్యే పెట్టేదాన్ని, ఏడాది తిరిగేసరికి ప్లాస్టిక్ ప్లేటు అక్కడే గాట్లు పడి పడి గుంటపడింది. గుంటలో పెట్టిన కాగితం ఎలా తెగుతుంది?

ఇంత ఇబ్బంది పెడుతుంటే ఇంకా ఎందుకు వాడుతున్నావు అంటే, ఒక తామరపువ్వు కార్డు చెప్తా. ముదురు గులాబీ, లేత గులాబీ, తెలుపు, మూడు సైజుల్లో మూడు పొరలు. డైలోంచి తీసినప్పుడు అవి ఉత్త కాగితం ముక్కలే. పాత మౌస్ ప్యాడ్ మీద ఒక్కో రేకనూ పెట్టి స్టీలు గరిటె కాడ చివర ఉండే గుండ్రటి భాగంతోనో చెంచా వీపుతోనో చిన్న సున్నాలు చుడుతున్నట్టు మెల్లగా రుద్దితే, నాలుగైదు చుట్లకు రేక దానంతటదే దోసిలిలా లేస్తుంది. కింది పొరను గమ్‌తో అంటించి, మధ్య పొర కింద ఒక మిల్లీమీటరు ఫోమ్ టేపు, పై పొర కింద రెండు మిల్లీమీటర్ల టేపు వేసి, దాన్ని కిటికీ పక్కన పెట్టి చూడండి. ఒక్కో రేక కింద సన్నటి నీడ పడుతుంది. ఆ నీడ కోసమే ఈ పనంతా, ఏ ప్రింటు కార్డులోనూ అది రాదు. కత్తెరతో చేసిన రోజుల్లో ఒక పువ్వుకు ముప్పావుగంట పట్టేది, రెండు రేకలు ఒకేలా వచ్చేవి కావు. ఇప్పుడు ఐదు నిమిషాల్లో మూడు పొరలూ అచ్చు గుద్దినట్టు వస్తాయి.

ఇక అసలు దెబ్బ. 2024 మాఘమాసంలో మిర్యాలగూడలో మా నాన్నగారి షష్టిపూర్తి. పెద్ద పిలుపులకు ప్రెస్సు కార్డులే వేయించారు, కానీ దగ్గరి బంధువులకు 45 కార్డులు నేనే చేస్తానని మాటిచ్చాను. మడత పెట్టిన దంతపు రంగు కార్డు, దాని మీద ముదురాకుపచ్చ పొర, ఆ పైన బంగారు మెరుపు జాలీ, మూలన తామర. జాలీ చూస్తే చుక్కల ముగ్గులా ఉండాలని ఏరి కోరి తెప్పించిన డై. తెల్లారితే అన్నయ్య కారులో తీసుకెళ్తాడు. రాత్రి పదకొండున్నరకు 26 అయ్యాయి, 19 మిగిలాయి. అప్పటికే మధ్యలో కోత మొండికేస్తోంది, మొదట ఒత్తిడి పెరగడానికి ప్లేటు కింద ఒక చార్ట్ షీటు వేస్తే సరిపోయింది, తర్వాత రెండు, తర్వాత మూడు. నాలుగోది వేసి హ్యాండిల్ తిప్పుతుంటే భుజం బలం కూడా పెట్టాల్సి వచ్చింది. సగం దూరం వెళ్లాక టప్‌మని ఒక్క చప్పుడు. కరకరమనే చప్పుడు ఈ మెషిన్లకు మామూలే, అది వేరు, ఇది వేరు. పై ప్లేటు అంచు నుంచి నడిమి దాకా నిలువునా చీలింది. ఆ చీలిక గీత కార్డు మీద అచ్చుపడింది, మరో బంగారు షీటు పోయింది.

ఆ రాత్రి నా చేతులు వణికాయి, ఏడుపు కూడా వచ్చింది, దాచడం ఎందుకు. మా ఆయన లేచి వచ్చి ప్లేటుకు టేపు వేసి చూశాడు, అంటించిన చోటే మళ్లీ విడింది. అప్పుడు సగం తెగిన జాలీలు తీసుకుని సన్న బ్లేడుతో కిటికీ తర్వాత కిటికీ కోసుకుంటూ కూర్చున్నా. రెండున్నర దాకా కూర్చుంటే ఏడు తేలాయి. మిగతా 12 కార్డులు జాలీ లేకుండా ఆకుపచ్చ పొర మీద తామరతోనే పంపాను. చూసినవాళ్లంతా బాగున్నాయన్నారు. మా మేనత్త ఒక్కతే పక్కావిడ చేతిలో కార్డు చూసి, "నా దానికి కిటికీలు పెట్టలేదేమే?" అంది. ఆమె ఏ ఉద్దేశంతోనూ అనలేదు, నాకు మాత్రం ఈ రోజుకీ గుర్తుంది.

కంపెనీకి ఫోటోలతో మెయిల్ పెడితే, ప్లేట్లు అరిగిపోయే వస్తువులు, వాటికి వారంటీ లేదని మూడు లైన్ల జవాబు వచ్చింది. ప్లేట్లు అరుగుతాయని నాకూ తెలుసు. మధ్యలో తెగనప్పుడు ఏం చెయ్యాలో పుస్తకంలో ఒక్క ముక్క రాసి ఉంటే నేను నాలుగు షీట్లు కుక్కేదాన్ని కాదు కదా. కొత్త జత ఎనిమిది వందలు పెట్టి తెప్పించుకున్నాను.

ఆ తర్వాత రెండు నెలలకు కాగితం కోసం ఛత్తా బజార్ వెళ్లాను. తెలియనివాళ్లకు చెప్తున్నా, పాతబస్తీలో పెళ్లి కార్డుల ప్రెస్సులన్నీ ఉండే బజారు అది, ఒకప్పుడు అందంగా ఉర్దూ రాసే కాతిబులకు పేరుమోసిన చోటు. పెళ్లి కార్డులు కోయగా మిగిలిన మెరుపు కాగితం బద్దలు అక్కడ తూకానికి దొరుకుతాయి, నా కార్డులకు ఆ సైజు చాలు. ఒక ప్రెస్సులో కాగితం తూచేలోపు డై పంచింగ్ మెషిన్ పక్కన నిలబడ్డా. ప్లైవుడ్ చెక్కలో స్టీలు బ్లేడును వంచి బిగించిన డై, కాగితం ఇరుక్కోకుండా బ్లేడు పక్కన రబ్బరు ముక్కలు. దాన్ని నడిపే పెద్దాయన ఒక షీటు కొట్టి, తీసి, వెలుతురుకు ఎత్తి చూసి, ఎక్కడో వేలు పెట్టి గుర్తు పెట్టుకుని, మెషిన్ లోపల ఆ చోటుకు సన్న కాగితం ముక్క అంటించాడు. మళ్లీ కొట్టాడు. ఈసారి పూర్తిగా తెగింది.

నేను ఆగలేక నా గోడంతా చెప్పుకున్నా. ఫోన్లో చీలిన ప్లేటు ఫోటో చూసి, "మిషిన్ ఖరాబ్ లేదమ్మా. మొత్తం కింద పెడితే ఎట్ల? యాడ తెగుతలేదో ఆడనే పెట్టాలె," అన్నాడు. దాన్ని వాళ్లు ప్యాకింగ్ అంటారు. నేను ప్లేటంత చార్ట్ షీటు వేసినప్పుడు అప్పటికే బాగా తెగుతున్న అంచుల మీదా ఒత్తిడి పెరుగుతోంది, ప్లేటు ఆ భారం ఓర్వలేక చీలింది. కావాల్సింది మధ్యలో ఉన్న ఆ రెండంగుళాలకు కాస్త ఎత్తు మాత్రమే. చాచా ఇంకో మాట కూడా చెప్పాడు, ముక్కను కత్తెరతో కోయొద్దు, చేత్తో చింపాలి అని. కత్తిరిస్తే అంచు మెట్టులా నిలబడి కాగితం మీద గీత పడుతుంది, చింపితే అంచు పలచబడి పోతుంది.

ఇంటికొచ్చి అదే చేశాను. ముందు ప్లేటు మీద డై పెట్టే చోటును పర్మనెంట్ మార్కర్‌తో రెండు మూలలు గీశా, ఎప్పుడూ అక్కడే పెట్టాలి, లేకపోతే ప్యాకింగ్ తప్పిన చోట పడుతుంది. ఒక మెరుపు కాగితం కోసి కిటికీకి ఎత్తి పట్టుకుంటే తెగిన చోట వెలుతురు సన్న గీతల్లా వస్తుంది, తెగని చోట చీకటి. మామూలు జిరాక్స్ కాగితం తీసుకుని, దాని మీద సరిగ్గా ఆ చీకటి చోటుకు ఎదురుగా ట్రేసింగ్ పేపరు ముక్క చింపి అంటించాను. చాలలేదు, దాని మీద ఇంకొంచెం చిన్న ముక్క. ఆ జిరాక్స్ కాగితాన్ని కింది ప్లేటు కింద పెట్టి తిప్పితే, అన్నీ, ఒక్కటి మిగలకుండా అన్ని కిటికీలూ తెగాయి. 80 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే కాగితం మందం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది, నేను వేసిన ముక్కలు దానికంటే పల్చన. అంత కాస్త తేడాకు నేను నాలుగు చార్టులు వేశాను! ఇప్పుడు నా దగ్గరున్న ఏడు జాలీ డైలకూ ఒక్కోదానికి ఒక్కో ప్యాకింగ్ కాగితం ఉంది, ఆ డైతో పాటే కవర్లో పెట్టి పైన పేరు రాసుకున్నా. హ్యాండిల్ ఇప్పుడు ఒంటిచేత్తో తిరుగుతుంది.

అంతా బాగైపోయిందని మాత్రం అనను. ప్లేటు అరిగేకొద్దీ ప్యాకింగ్ మారుతుంది, నాలుగైదు నెలలకోసారి కొత్తగా చేసుకోవాలి. ప్రతిసారీ ప్లేటు తిరగేస్తూ వాడకపోతే అప్పడంలా వంగుతుంది, ఒకసారి వంగాక ఎన్ని పుస్తకాల బరువు పెట్టినా పూర్తిగా చదును కాదు. వానాకాలంలో కాగితం చెమ్మ పట్టి మెత్తబడుతుంది, అప్పుడు ఎంత మంచి ప్యాకింగ్ వేసినా అంచు నూగునూగుగా వస్తుంది. జూలై నుంచి నేను కాగితాన్ని జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, పని మొదలుపెట్టేటప్పుడే తీస్తున్నా. జాలీ పుల్లలకు గమ్ రాయడం కూడా మానేశా, నీళ్ల గమ్ వాటిని ముడుచుకుపోయేలా చేస్తుంది. కోయకముందే కాగితం వెనక రెండు వైపులా అంటుకునే షీటు వేస్తే జాలీ మొత్తం స్టిక్కరులా వస్తుంది. దీనితో డై తొందరగా జిగురు పడుతుంది, పాత టూత్‌బ్రష్‌తో తుడుచుకుంటూ ఉండాలి.

పోస్టులో పంపేవాళ్లకు ఒక లెక్క. ఏ4 కాగితం చదరపు మీటరులో పదహారో వంతు, అంటే 300 జీఎస్ఎం షీటు దాదాపు 19 గ్రాములు, అందులో సగంతో చేసిన కార్డు తొమ్మిది గ్రాముల పైన. దానికి పొరలూ పువ్వూ కవరూ కలిస్తే సరిగ్గా 20 గ్రాముల గీత దగ్గర ఊగుతుంది, 20 దాటితే మామూలు ఉత్తరానికి 5 రూపాయల స్టాంపు చాలదు, ఇంకో 5 వేయాలి. నేను వంటింటి కాటా మీద తూచి పంపుతా. పోస్టాఫీసు మెషిన్ ముద్రలో తామర రేకలు నలిగిపోతాయేమోనని, కౌంటర్లో చేత్తో ముద్ర వేయమని అడుగుతా, ఖాళీగా ఉంటే వేసిస్తారు. మొన్న సంక్రాంతికి మేనత్తకు అలాగే ఒకటి పంపాను, బంగారు జాలీతో. ఫోన్ చేసి కిటికీలు లెక్కపెట్టానే, నూటనాలుగు, అంది.

కొనాలా వద్దా అంటే మీ పరిస్థితిని బట్టి. నాకు పని చేసుకోవడానికి టేబుల్ ఉంది, వారంలో రెండు సాయంత్రాలు ఉన్నాయి, ఛత్తా బజార్ అరగంట దూరం. ఇలా ఉంటే కొనండి, కానీ మెషిన్‌తో పాటే ప్లేట్ల జత అదనంగా తీసుకోండి. ఏడాదికి నాలుగు కార్డులు చేసేవాళ్లకు కత్తెరే నయం. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు కరెంటు మెషిన్ చూసుకుంటే మంచిది, అది నేను వాడలేదు కాబట్టి దాని గురించి మాట్లాడను. వదిన ఈ మధ్య మళ్లీ అడిగింది, కొననా అని. ముందు మా ఇంటికొచ్చి ఒక జాలీ కోసి చూడు, ఆ తర్వాత మాట్లాడుకుందాం అన్నాను. ఆదివారం వస్తానంది.